యాభయ్యేళ్ళ జ్ఞాపకానికి గ్యారంటీ

క్రీడా శాఖ వార్షికోత్సవంలో మంత్రిగారు ఒకావిడకు శాలువా కప్పబోయి ఆవిడ పేరు మరిచిపోయారు. ఇదంతా అంత చిన్న విషయంతో మొదలైంది.

ఆవిడ ఇరవై రెండేళ్ళ క్రితం బాక్సింగులో రాష్ట్రానికి తొలి జాతీయ స్వర్ణం తెచ్చిన మనిషి. మంత్రిగారు మైకు ముందు నిలబడి, "ఈ రోజు మన మధ్య ఉన్న... మనందరికీ తెలిసిన... తెలియనివారంటూ లేని..." అంటూ నలభై సెకన్లు తడుముకున్నారు. చివరికి ఆవిడే మైకు వైపు వంగి, "అప్పలకొండ, బాబూ" అని అందించింది.

"అదే" అన్నారు మంత్రిగారు.

సాయంత్రానికల్లా ఆ వీడియో చూడనివాళ్ళు రాష్ట్రంలో లేకుండా పోయారు. శాఖ వెంటనే విచారణ జరిపింది. తప్పెవరిదో తేల్చింది కూడా. "మరచుట మానవ సహజము. ప్రభుత్వ శిక్షణ పొంది కూడా పెద్దల మనస్సులలో నిలిచియుండలేకపోవుట క్రీడాకారుల అలసత్వము" అని నివేదిక వచ్చింది.

ఏప్రిల్లో జీవో వచ్చింది. ఇకమీదట ఎవరిని జాతీయ పోటీలకు పంపాలన్నా, వాళ్ళు యాభై ఏళ్ళ తర్వాత కూడా జనానికి గుర్తుంటారని ముందుగా ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రాలివ్వడానికి శాశ్వత స్మరణ విభాగం అని ఒకటి పెట్టి, దక్షిణామూర్తిగారనే ఆయన్ని ప్రత్యేకాధికారిగా వేశారు. ఆయన అంతకు ముందు తూనికలు కొలతల శాఖలో ఉండేవారు.

మా ఆయన బాక్సింగు కోచ్. హార్బరు దగ్గర పాత గోడౌనులో ఒక రింగు, నాలుగు గుద్దే బస్తాలు, పదకొండుమంది పిల్లలు ఆయన ఆస్తి. ఆ పిల్లల చేతులకు చుట్టే గుడ్డ పట్టీలు ఉతికి మేడ మీద ఆరేయడం నా వాటా. మా వీధిలో కొత్తగా దిగినవాళ్ళు ఆ పట్టీలు చూసి, మా ఇంట్లో ఎవరికో పెద్ద దెబ్బలు తగిలాయనుకుని పరామర్శకు వస్తుంటారు.

ఆ పదకొండుమందిలో నూకరత్నం ఒకతి. ఇరవై నాలుగేళ్ళది, యాభై ఒక్క కేజీల విభాగం, ఎడమచేతి వాటం. ముప్ఫై ఒక్క పోటీలాడి ముప్ఫై ఒకటీ గెలిచింది. కిందటేడు జాతీయ పోటీలకు వారం ముందు చేతి ఎముక చిట్లి ఆగిపోయింది. ఈ డిసెంబరులో వెళ్ళి గెలిస్తేనే దేశం జట్టు శిబిరానికి పిలుస్తారు. దాని విభాగంలో రాష్ట్రానికి ఉన్నది ఒకే ఒక్క చోటు.

జీవో చదివి మా ఆయన, "మనకేం భయం లేదు, రత్నంలాంటి పిల్ల మళ్ళీ పుట్టదు. ఈ మాట బీచి రోడ్డు టీ కొట్లో కూడా అనుకుంటున్నారు" అన్నాడు.

రత్నం చోడంబలి గిన్నె ఖాళీ చేసి నా చేతికిస్తూ, "అదంతా నాకెందుకు పిన్నీ! డిసెంబర్లో రింగెక్కుతానా నేదా, అది సెప్పండి" అంది.

జూన్‌లో ముఖాముఖికి పిలిచారు. రత్నం, దాని తల్లి సన్యాసమ్మ, మా ఆయన, నేను నలుగురం వెళ్ళాం. బల్లకు అవతల దక్షిణామూర్తిగారు, ఆయనకు అటో సభ్యుడు, ఇటో సభ్యుడు. ఆ ఇద్దరూ తల ఊపడానికే నియమితులైనట్టు కనిపించారు. గోడకు గొప్పవాళ్ళ లక్షణాల పట్టిక వేలాడుతోంది. ప్రపంచంలోని మహా క్రీడాకారుల జీవితాలన్నీ వడబోసి తయారుచేశారట.

"మొదటి అంశం, బాల్యంలో కష్టాలు. ఇరవై మార్కులు" అన్నారు దక్షిణామూర్తిగారు. "అమ్మా, చిన్నతనంలో నువ్వు ఎన్ని రోజులు పస్తున్నావో ఉజ్జాయింపుగా చెప్పగలవా?"

"పస్తా? ఎప్పుడూ నేదండి" అంది రత్నం.

"ఒక్క పూటైనా?"

సన్యాసమ్మకు ఒళ్ళు మండింది. "మా గుంటకి రోజూ చేపల పులుసుతో బువ్వెట్టేనండి నేను. ఆళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో పని సేత్తాడు. నేను హార్బర్లో తట్ట మోస్తాను. పిల్లని ఆకలితో పడుకోబెట్టనేదని మార్కులు తీసేస్తారేటి?"

"తీసెయ్యడం కాదమ్మా, వెయ్యడానికి వీలుండదు" అని ఆయన చాలా మర్యాదగా సున్నా చుట్టారు. "రెండవ అంశం, తండ్రి వ్యతిరేకత. మీ నాన్నగారు గ్లవ్స్ తీసుకెళ్ళి పొయ్యిలో పడేసిన సందర్భం ఏదైనా..."

"కొనిచ్చిందే మా నాన్నండి."

అటువైపు సభ్యుడు నిట్టూర్చాడు. దక్షిణామూర్తిగారు కలం కింద పెట్టి, "ఎవరైనా అవమానించారా? ఆడపిల్లకు ఇదేమిటని బంధువులు వెలివేశారా? మేము సాయం చేద్దామనే అడుగుతున్నాం తల్లీ, నువ్వు కొంచెం సహకరించాలి" అన్నారు.

రత్నం వెతికి వెతికి ఒకటి పట్టుకుంది. "మా మేనత్త ఒకసారి, ముక్కు సొట్ట పోతాదే అందండి. మళ్ళీ నేను గెలిచినప్పుడు ఆవిడే కోడిని కోసింది."

"కోడి రికార్డు చేయనవసరం లేదు" అన్నారాయన గుమాస్తాతో. "ఇక ప్రధానమైన అంశం. నలభై మార్కులు. ఓటమి."

"ఓటమి లేదండి. ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటీ గెలిచింది" అన్నాడు మా ఆయన, ఛాతీ కాస్త ముందుకు వచ్చింది.

"అదే కదా కోచ్‌గారూ మా బాధ! ఓడినవాడు లేచి మళ్ళీ గెలవడమే జనం హృదయంలో నిలుస్తుంది. ఊరికే గెలుస్తూ పోతే ఎవరు గుర్తుంచుకుంటారు? గోడ గడియారం రోజూ సరైన టైమే చూపిస్తుంది, దాని గురించి ఎవరైనా చెప్పుకుంటారా?" ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి, "నెలాఖరులోగా ఒక గౌరవప్రదమైన ఓటమి సమర్పించండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయన అన్నం ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు గెలవడం నేర్పినవాడు, ఓడిపొమ్మని నోటితో ఎలా చెబుతాడు? చివరికి ఆ పని నేనే చేశాను. ఇంట్లో ఇలాంటివి నాకే వస్తాయి. రత్నం విని, "చోటు కోసమే కదా పిన్నీ! ఒక్కసారి ఓడితే ఏటవుతాది, అలాగే కానీ" అంది గానీ, ఆ పూట పట్టీలు విప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు.

జిల్లా పోటీల్లో పోలీసు శాఖ అమ్మాయితో ఆట పెట్టారు. దక్షిణామూర్తిగారు ముందు వరసలో కూర్చున్నారు, ఒళ్ళో ఓటమి నమోదు ఫారం పెట్టుకుని. మొదటి రౌండంతా రత్నం చేతులు కిందికి వేలాడేసి నిలబడింది. ఆ అమ్మాయి పాపం ఎంత కొట్టినా దెబ్బలు గాలికే పోతున్నాయి. రత్నం కావాలని తప్పుకోవడం లేదు, తల దానంతటదే పక్కకి పోతోంది. రెండో రౌండులో ఆ అమ్మాయి అలిసిపోయి, గడ్డం పైకెత్తి ఊపిరి పీల్చుకుంది. అంతే. రిఫరీ పది లెక్కపెట్టాల్సి వచ్చింది.

కిందికి దిగి రత్నం ఏడుపు మొహంతో, "గడ్డం అలగ ఎదురుగా పెడితే చెయ్యి ఎలగ ఆగుతాది పిన్నీ?" అంది.

"ముప్ఫై రెండు" అన్నారు దక్షిణామూర్తిగారు, చావు కబురు విన్నట్టుగా. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మా ఆయన దక్షిణామూర్తిగారి వెనకే నడిచి, కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇంకో దారి ఉందన్నారు. జనాభిప్రాయ సేకరణ. ఊళ్ళో వెయ్యిమందిని, "నూకరత్నం మీకు గుర్తుందా?" అని అడుగుతారు. ఆరువందలమంది గుర్తుందంటే చాలు, లక్షణాల పట్టికతో పని లేదు.

మాకు ప్రాణం లేచొచ్చింది. హార్బరులో పిల్లిని అడిగినా రత్నం గురించి చెబుతుంది. సర్వే గుమాస్తా చేపల బజారులో మొదటి తట్ట దగ్గరే ఆగి ప్రశ్న వేశాడు.

"గుర్తుండడమేటి బాబూ, ఇప్పుడే గదా ఇటెల్లింది! అరకేజీ కవళ్ళు అట్టికెల్లింది. డబ్బులు రేపిత్తానంది" అంది తట్ట మనిషి.

గుమాస్తా "గుర్తు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాడు. బజారంతా అదే సమాధానం. పొద్దున చూశామని ఒకరు, అదిగో వస్తోందని ఒకరు. సాయంత్రానికి గుర్తున్నవాళ్ళు ముగ్గురు తేలారు. ఆ ముగ్గురూ ఆ రోజే సముద్రం మీంచి దిగినవాళ్ళు.

మేము లబోదిబోమని వెళ్తే దక్షిణామూర్తిగారు ఓపిగ్గా వివరించారు. "కళ్ళెదుట ఉన్నదాన్ని చూడటం దర్శనం అవుతుంది తప్ప స్మరణ కాదు. మనిషి కనబడకుండా పోయాకే జ్ఞాపకం మొదలవుతుంది. మీరు చదువుకున్నవారు, ఈ తేడా మీకు తెలియాలి."

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాను నేను. అంతవరకూ ఆఫీసుల్లో నేను నోరు విప్పేదాన్ని కాదు.

"ఆగస్టు ఒకటి నుంచి తొంభై రోజులు నూకరత్నం ఎక్కడా కనిపించకూడదు. ఆడకూడదు, సాధన చెయ్యకూడదు, బజారుకు పోకూడదు. తర్వాత మళ్ళీ సర్వే. అప్పుడు గుర్తుంటే అది నిఖార్సైన జ్ఞాపకం."

"బాక్సింగు ఆడే పిల్ల ఆడకుండా తొంభై రోజులా?"

"మరి యాభై ఏళ్ళ తర్వాత ఆవిడ ఆడుతుందా అమ్మా?" అన్నారాయన.

అలా రత్నం మా ఇంటికొచ్చి దాక్కుంది. వెనక గదిలో బియ్యం డబ్బాల మధ్య చాప. తెల్లారేసరికి మేడ మీద నేను నాలుగు దుప్పట్లు ఆరేసేదాన్ని, వాటి వెనక తాడాట ఆడేది. ఊక నింపిన గోనె బస్తా ఒకటి నీళ్ళ ట్యాంకు కిందున్న ఇనప కమ్మీకి కట్టాడు మా ఆయన. దాని మీద గుద్దులకు కింద వంటింట్లో పోపు డబ్బా మూత ఎగిరేది. ఎవరైనా అడిగితే పిండి రుబ్బుతున్నానని చెప్పేదాన్ని. ఏ ఇంట్లో అయినా పొద్దున్నే రెండు గంటలు రుబ్బుతారా అని మాత్రం ఎవరూ అడగలేదు. సన్యాసమ్మ రోజూ తట్ట దించి, "ఊళ్ళో నేని పిల్లకి ఇవి పులుసు పెట్టండమ్మా" అని చేపలిచ్చి వెళ్ళేది. ఆ పిల్ల మేడ మీంచి తొంగి చూసి, "మెంతులు ఎక్కువెయ్యకండి పిన్నీ" అనేది.

అక్టోబరు చివర సర్వే మళ్ళీ జరిగింది. ఈసారి గుమాస్తా కాదు, దక్షిణామూర్తిగారే స్వయంగా బజారులోకి దిగారు. నేను పక్కనే ఉండగా మొదటి తట్ట మనిషినే అడిగారు.

"నూకరత్నం గుర్తుందా అమ్మా?"

పేటంతా మాట్లాడుకుని ఉన్నారు, రత్నానికి సాయం చెయ్యాలని. ఆవిడ రెండు చేతులూ ఎత్తి, "ఎందుకు గుర్తు నేదు బాబూ! బంగారు తల్లి! కోచ్ సారు మేడ మీద రోజూ పొద్దున్నే దుప్పట్లెనక దూకుతాది గదా, దాన్ని మరిసిపోతామేటి!" అంది.

దక్షిణామూర్తిగారు నా వైపు ఒక్కసారి చూశారు. అందులో కోపం లేదు, నమ్మకం పోయిన మనిషి చూపు. దాంతో రత్నం పేరు మీద సర్వే మొత్తం చెల్లలేదు. నూకరత్నానికి స్మరణ శాతం సున్నా.

మరి రాష్ట్రానికి ఉన్న ఆ ఒక్క చోటు ఎవరికి? పోలిక కోసమని సర్వేలో ఇంకో బాక్సరు పేరు కూడా చేర్చారు. ఆవిడ రింగు దిగి ఇరవై ఏళ్ళు, చూసినవాళ్ళు లేరు. అయినా నూటికి తొంభై ఏడుగురు, "గుర్తు లేకపోవడమేమిటి, మంత్రిగారు పేరు మరిచిపోయిందే, ఆవిడే కదా" అన్నారు.

యాభై ఒక్క కేజీల విభాగంలో డిసెంబరు జాతీయ పోటీలకు ప్రభుత్వం అప్పలకొండను ఎంపిక చేసింది.

కబురు తెలిసి మేము బస్టాండు పక్కన ఆవిడ టిఫిను బండి దగ్గరికి వెళ్ళేసరికి, దక్షిణామూర్తిగారు అప్పటికే అక్కడ ధ్రువపత్రం పట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పలకొండకు నలభై ఆరేళ్ళు. ఆవిడ ఒక చేత్తో పెసరట్టు తిప్పుతూ రెండో చేత్తో ఆ కాగితం తీసుకుని చదివింది.

"బాబూ, నా ఒళ్ళు చూసేరా? ఎనభై నాలుగు కేజీలు. మోకాళ్ళు రెండూ చెప్పిన మాట ఇనవు."

"బరువు సంగతి క్రీడా విభాగం చూసుకుంటుంది. మా విభాగం జ్ఞాపకం వరకే" అన్నారు దక్షిణామూర్తిగారు. "పత్రం వచ్చాక తిరస్కరించే అవకాశం జీవోలో లేదు. మీరు గుర్తుండిపోయారు, దానికిప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు."

అప్పలకొండ ఆయన వెనక నిలబడ్డ మా రత్నాన్ని చూసింది. భుజాలు, పాదాలు, ఎడమచెయ్యి వరసగా చూసింది. పెసరట్టు మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"తినండి బాబూ. ఒకటి అడుగుతాను. మా రోజుల్లో జట్టుతోపాటు ఒక రిజర్వు మనిషిని అట్టికెల్లేవోళ్ళు. ఇప్పుడూ ఉందా?"

"ఉంది."

"దానికి కూడా ఈ జ్ఞాపకం కాయితం కావాలేటి?"

దక్షిణామూర్తిగారు నవ్వారు. ఇంత తేలికైన ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. "రిజర్వు ఆటగాళ్ళను ఎవరూ ఎప్పుడూ గుర్తుంచుకోరు కదమ్మా. అందుచేత వారికి ధ్రువపత్రం వర్తించదు. కోచ్ సంతకం చాలు."

"అయితే ఈ గుంటని ఎట్టుకుంటాను. నా సంచులు మొయ్యాల గదా" అంది అప్పలకొండ. మా ఆయన జేబులో కలం కోసం వెతుక్కోవడం నేను చూశాను.

డిసెంబరులో రైలెక్కాం. స్మరణీయురాలికి తోడుగా దక్షిణామూర్తిగారు కూడా వచ్చారు, పరిశీలకుడి హోదాలో. రెండు రాత్రుల ప్రయాణంలో అప్పలకొండ తెచ్చిన పులిహోర అందరం తిన్నాం, రత్నం తప్ప. అది కిటికీ పక్కన కూర్చుని అరచేతిలో నాలుగు వేయించిన శనగలు పెట్టుకుని, ఒక్కొక్కటే నమిలింది.

పోటీల రోజు పొద్దున్న కాటా దగ్గర వరసలో దేశంలోని యాభై ఒక్క కేజీల ఆడపిల్లలంతా నిలబడ్డారు. వాళ్ళ మధ్య అప్పలకొండ, జరీ అంచు చీర కట్టుకుని. ఆవిడ వంతు వచ్చింది. చెప్పులు విడిచి, కాటాకు దండం పెట్టి, ఎక్కింది. సూది ఎనభై ఆరు దగ్గర ఆగింది. పులిహోర ప్రభావం కాబోలు.

అక్కడి అధికారి ఆవిణ్ణి చూసి, కాగితం చూసి, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు. "ముప్ఫై అయిదు కేజీలు ఎక్కువ. గంట టైమిస్తాం, తగ్గుతారా?" అని హిందీలో అడిగాడు. రూలు ప్రకారం అడగాలట.

"ఆయన్ని అడగండి, ఆయనకి నా మీద శానా నమ్మకం" అని దక్షిణామూర్తిగారిని చూపించి కిందికి దిగింది.

రిజర్వును పిలిచారు. రత్నం కాటా ఎక్కింది. యాభై కేజీల తొమ్మిది వందల గ్రాములు.

తర్వాత నాలుగు రోజులు నేను సరిగ్గా చూడలేదు. రత్నం రింగులో ఉంటే నేను బయట వరండాలో పట్టీలు ఉతుకుతూ కూర్చునేదాన్ని, లోపలి కేకలను బట్టి లెక్క వేసుకునేదాన్ని. ఫైనలు మాత్రం చూడక తప్పలేదు, అప్పలకొండ నా జబ్బ పట్టుకుని లాక్కెళ్ళింది.

ఎదుటి పిల్ల హర్యానాది, రెండేళ్ళుగా జాతీయ విజేత. మొదటి రౌండు ఆ పిల్లదే. మా రత్నం జీవితంలో మొదటిసారి తాళ్ళకు ఆనుకుని దెబ్బలు తినడం చూశాను. మా ఆయన మూలలో నీళ్ళు తాగిస్తూ ఏం చెప్పాడో తెలియదు. చెప్పింది చాల్లేదనుకుందేమో, అప్పలకొండ కుర్చీ మీదికెక్కి, "ఓలే! కుడిపక్కకి తిరగవే! ఆ గుంట ఎడమకాలు బరువు!" అని అరిచింది. రెండో రౌండులో రత్నం కుడిపక్కకి తిరిగింది. దక్షిణామూర్తిగారు నా పక్కన బిగుసుకుని కూర్చున్నారు. మూడో రౌండు సగంలో ఆయన ఒళ్ళోని ఫారాలన్నీ నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి, ఆయన నిలబడి, "కొట్టమ్మా! మళ్ళీ కొట్టు!" అని అరుస్తున్నారు.

అయిదుగురు జడ్జీలు. ముగ్గురు మా వైపు వేశారు.

దేశం శిబిరం నుంచి వచ్చినవాళ్ళు అక్కడికక్కడే మా ఆయనతో తారీకు మాట్లాడి వెళ్ళారు. జనవరి పది. నేను ఏడ్చాను, సన్యాసమ్మకు ఫోను చేస్తే ఆవిడా ఏడ్చింది. ఫోను పెట్టేసే ముందు, "పిల్ల ఏటైనా తిందా?" అని అడిగింది.

దక్షిణామూర్తిగారు ఫారాలన్నీ ఏరుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ అధికారి అయ్యారు. "విజయానికి అభినందనలు. అయితే దీన్ని మా విభాగం పరిగణించలేదు. గెలిచింది ఇవాళే కదా, ఇది జ్ఞాపకం కాదు, వార్త. కావాలంటే కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు" అన్నారు. పాపం, ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

రత్నం బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. అప్పుడే ఆ హర్యానా పిల్ల వచ్చింది. ముక్కులో దూది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. తిన్నగా వచ్చి రత్నం ముందు గొంతుక్కూర్చుంది.

"నీ పేరేమిటి? బోర్డు మీద వేరే ఎవరిదో ఉంది" అంది హిందీలో. రిజర్వు పేరు బోర్డు మీద ఎక్కించలేదు. బోర్డు ప్రకారం మా వైపు నాలుగు రోజులూ అప్పలకొండే ఆడుతోంది.

రత్నం చెప్పింది. ఆ పిల్ల అనబోయి తడబడింది. మళ్ళీ చెప్పమంది. మూడోసారికి నోరు తిరిగింది.

"ఎందుకు నా పేరు?" అంది రత్నం, నా చేత అడిగించి.

"నా బస్తాకి పెట్టుకుంటాను. వచ్చే డిసెంబరు దాకా రోజూ పొద్దున్నే కొట్టడానికి" అంది ఆ పిల్ల. నవ్వబోయి, ముక్కు నొప్పికి ఆగిపోయింది.

దక్షిణామూర్తిగారు గబగబా ఫారం తెరిచారు. కళ్ళలో నిజంగానే వెలుగు. "ఈ అమ్మాయి ఏ రాష్ట్రం?"

"హర్యానా" అన్నాను.

కలం ఆగిపోయింది. "సాక్షులు మన రాష్ట్ర నివాసులై ఉండాలమ్మా" అన్నారు. నిజంగా బాధపడ్డారు.

"పోనీండి సార్" అంది రత్నం. "సంతకం ఆ గుంట ముక్కు మీద పెట్టేసేను."

హర్యానా పిల్ల లేచి వరండా వెంట నడిచింది. తలుపు దాకా వెళ్ళి ఆగి, తిరిగి చూసి, పేరు సరిగ్గానే వచ్చిందా అన్నట్టు ఇంకోసారి అంది. రత్నం తల ఊపింది. ఆ పిల్ల మళ్ళీ నడక సాగించింది, రేపు బడిలో అప్పజెప్పాల్సిన ఎక్కం వల్లె వేసుకునేదానిలా పెదవులు కదుపుతూ.